ప్రపంచ పౌరసత్వం: దూరపు పొరుగువాని హక్కు

ప్రపంచం ఒక కుగ్రామంగా మారిపోయిందని అందరూ అంటున్నారు. పాఠ్యపుస్తకాల్లో ఈ మాటే, ఉపన్యాసాల్లో ఈ మాటే. అమెరికాలో ఉన్న కొడుకు ముఖాన్ని గుంటూరులోని తల్లి ఫోనులో చూస్తోంది. జపానులో తయారైన యంత్రం మన వీధి చివరి దుకాణంలో పనిచేస్తోంది. మలేషియా పామాయిలు మన వంటింట్లో కాగుతోంది. దూరాలు తగ్గిపోయాయన్నది నిజమే. ఎవరూ కాదనలేరు.

అయితే ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. గ్రామం అంటే ఏమిటి? ఇళ్ళు దగ్గరగా ఉంటే సరిపోతుందా? గ్రామంలో ఒకరి సంగతి ఒకరికి తెలుస్తుంది. ఒక ఇంట్లో చావు జరిగితే పక్కింటి పొయ్యి వెలగదు. కూలి ఎగ్గొట్టినవాడు మరునాడు రచ్చబండ దగ్గర తలెత్తుకొని కూర్చోలేడు. గ్రామాన్ని గ్రామంగా నిలిపేది సరుకుల రాకపోకలు కావు, పొరుగువారి హక్కులు.

మరి ఈ ప్రపంచ గ్రామంలో మనకు పొరుగువారు ఎవరు? వారికి మనపై ఏమైనా హక్కు ఉందా? ఉంటే అది ఎంతవరకు? ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న ఇదే.

మూడు మాటలు - వాటి అర్థాలు

ముందుగా మూడు పదాలను స్పష్టం చేసుకోవడం అవసరం.

మొదటిది అంతర్జాతీయ అధ్యయనం. దేశాలు ఒకదానితో ఒకటి ఎలా వ్యవహరిస్తాయి, ఎందుకు యుద్ధాలు చేస్తాయి, ఏ ఒప్పందాలతో శాంతిగా ఉంటాయి, వ్యాపారం ఎలా సాగుతుంది అన్నవి పరిశీలించే శాస్త్రం ఇది. 1914 నుంచి 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధం లక్షలాది కుటుంబాలకు కడుపుకోత మిగిల్చింది. మళ్ళీ ఇలాంటిది జరగకూడదంటే దేశాల మధ్య సంబంధాలను శ్రద్ధగా చదవాలన్న ఆలోచనతో 1919లో వేల్స్ దేశంలోని అబెరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ రాజకీయాల కోసం ప్రత్యేక ఆచార్య పీఠాన్ని నెలకొల్పారు. ఇలాంటి పీఠాల్లో ప్రపంచంలోకెల్లా మొదటిది ఇదే. అంటే ఈ శాస్త్రం శవాల గుట్టల మధ్య నుంచి లేచిన ఒక నైతిక ప్రశ్నతో మొదలైంది. ఉద్యోగం కోసం చదివే మన పిల్లలు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

రెండవది ప్రపంచీకరణ. సరుకులు, పెట్టుబడులు, సమాచారం, మనుషులు దేశాల సరిహద్దులు దాటి వేగంగా కదలడం, ఆ కదలిక వల్ల ఒకచోటి నిర్ణయం మరోచోటి జీవితాన్ని మార్చివేయడం, ఇదే ప్రపంచీకరణ.

మూడవది ప్రపంచ పౌరసత్వం. చట్టం దృష్టిలో ఇలాంటి పౌరసత్వం ఏదీ లేదు. దాన్ని ఇచ్చే ప్రభుత్వమూ లేదు, పాస్‌పోర్టూ లేదు. క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దిలో గ్రీకు తత్వవేత్త డయోజెనీస్ తనను ఏ ఊరివాడవని అడిగితే లోకానికి చెందిన పౌరుడినని చెప్పుకున్నాడంటారు. నేడు పది దేశాలు తిరిగి వచ్చినవారు, నాలుగు భాషలు మాట్లాడేవారు కూడా తమను ప్రపంచ పౌరులని చెప్పుకుంటున్నారు. కాని పౌరసత్వమంటే ప్రయాణ సౌకర్యం కాదు. పౌరుడికి హక్కులతోపాటు బాధ్యతలు కూడా ఉంటాయి. బాధ్యతను అంగీకరించనివాడు ఎన్ని దేశాలు చుట్టివచ్చినా యాత్రికుడే అవుతాడుగాని పౌరుడు కాలేడు. బాధ్యతను గుర్తించినవాడు తన ఊరి పొలిమేర దాటకపోయినా ప్రపంచ పౌరుడే.

పాత బాటే, కొత్త వేగం

ప్రపంచీకరణ నిన్నగాక మొన్న పుట్టిందని చాలామంది భ్రమపడుతుంటారు. మన కృష్ణా తీరంలోని మచిలీపట్నం చరిత్ర చూడండి. కుతుబ్ షాహీల కాలంలో అది గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. పర్షియా వర్తకులు, డచ్చివారు, 1611 నుంచి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు అక్కడ వ్యాపారం చేశారు. ఆ ప్రాంతపు అద్దకం బట్టలు, కలంకారీ వస్త్రాలు ఓడలెక్కి పర్షియాకు, ఆగ్నేయాసియా ద్వీపాలకు, ఐరోపాకు వెళ్ళాయి. భారతదేశపు అద్దకం బట్టలకు ఇంగ్లండులో ఎంత గిరాకీ పెరిగిందంటే, అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టడంతో 1721లో వాటిని ధరించడాన్నే నిషేధిస్తూ అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. లండన్‌లో చేసిన చట్టం ఇక్కడి చేతివృత్తులవారి బ్రతుకును తాకింది. ప్రపంచీకరణ కష్టనష్టాలు మన నేలకు కొత్త కాదు.

మరి నేడు కొత్తగా వచ్చింది ఏమిటి? ఒకటి, వేగం. 1956లో అమెరికాలో మొదలైన ఇనుప పెట్టెల (కంటెయినర్ల) రవాణా ఓడలో సరుకు ఎక్కించి దించే ఖర్చును విపరీతంగా తగ్గించివేసింది. రెండవది, పని ముక్కలైపోవడం. ఒక దేశంలో పత్తి పండుతుంది, మరో దేశంలో దారం తీస్తారు, ఇంకో దేశంలో బట్ట కుడతారు, వేరొక దేశంలో దానిపై కంపెనీ పేరు చూసి కొంటారు. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. వస్త్ర వ్యాపారంపై దశాబ్దాలుగా ఉన్న కోటాల పద్ధతి 2004 చివరితో ముగిసింది. దాంతో ఎక్కడ కూలి చవకో అక్కడికి కుట్టుపని తరలిపోవడం మరింత సులువైంది.

పూర్వం చొక్కా కుట్టినవాడు మన ఊరి దర్జీ. అతని పేరు, అతని పిల్లల సంఖ్య, అతనికి మనం బాకీ ఉన్న పైకం కూడా మనకు తెలుసు. ఇప్పుడు చొక్కా మెడ లోపలి చిన్న చీటీపై ఒక దేశం పేరు మాత్రమే ఉంటుంది. మనిషి కనిపించడు. మనిషి కనిపించనప్పుడు అతని హక్కు కూడా కనిపించకుండా పోతుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

సావర్‌లో కూలిన భవనం

బంగ్లాదేశ్ రాజధాని ఢాకాకు దగ్గరలో సావర్ అనే పట్టణం ఉంది. అక్కడ రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనంలో కింద దుకాణాలు, ఒక బ్యాంకు శాఖ, పైన ఐదు కుట్టు కర్మాగారాలు ఉండేవి. 2013 ఏప్రిల్ 23న ఆ భవనం గోడలకు, స్తంభాలకు పగుళ్ళు వచ్చాయి. పరిశీలించిన ఇంజనీరు ఇది ప్రమాదకరమని చెప్పాడు. బ్యాంకు తన సిబ్బందిని ఇంటికి పంపించివేసింది. దుకాణాలు మూతపడ్డాయి. కుట్టు కర్మాగారాలవారు మాత్రం మరునాడు ఉదయం పనికి రావలసిందేనని కార్మికులను ఆదేశించారు. రాకపోతే జీతం కోస్తామని బెదిరింపులు వచ్చినట్లు బ్రతికి బయటపడినవారు చెప్పారు.

ఏప్రిల్ 24 ఉదయం కరెంటు పోయింది. పై అంతస్తుల్లోని భారీ జనరేటర్లు మొదలయ్యాయి. కొద్దిసేపటికే భవనమంతా కుప్పకూలింది. 1,134 మంది చనిపోయారు. సుమారు 2,500 మంది గాయపడ్డారు. చనిపోయినవారిలో అధికులు స్త్రీలు, అందులోనూ పల్లెల నుంచి వచ్చిన యువతులు. ఆ రోజుల్లో అక్కడి కుట్టు కార్మికుల కనీస వేతనం నెలకు 3,000 టాకాలు. శిథిలాల మధ్య ఐరోపా, అమెరికా కంపెనీల పేర్లున్న చీటీలు దొరికాయి.

ఇది ఒంటరి సంఘటన కాదు. 2012 నవంబరులో అదే ఢాకా సమీపాన తజ్రీన్ కర్మాగారంలో మంటలు లేచి 110 మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 11న పాకిస్తాన్‌లోని కరాచీలో ఒక దుస్తుల కర్మాగారం తగలబడి 250 మందికి పైగా ఆహుతయ్యారు. బయటికి వెళ్ళే దారులు మూసి ఉన్నాయి. ఆ కర్మాగారానికి ప్రమాదానికి కొద్ది వారాల ముందే అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం అంతా సవ్యంగా ఉందంటూ ధ్రువపత్రం కూడా లభించింది! కాగితం బాగుంది, తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఒక్క విషయం గమనించాలి. బంగ్లాదేశ్, పాకిస్తాన్ రెండూ ముస్లిములు అధికసంఖ్యలో ఉన్న దేశాలే. కనుక ఇదంతా పాశ్చాత్యుల దోపిడీ అని ఒక్క మాటతో తేల్చివేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. దుర్మార్గానికి దిక్కులు లేవు. తూర్పున ఉన్నా దుర్మార్గమే, పడమర ఉన్నా దుర్మార్గమే.

తప్పు ఎవరిది?

భవన యజమానిని అడిగితే, కర్మాగారాలవారే పని నడిపించారంటాడు. కర్మాగారం యజమానిని అడిగితే, సరుకు గడువులోగా పంపకపోతే విదేశీ కంపెనీ ఆర్డరు రద్దు చేస్తుందంటాడు. విదేశీ కంపెనీని అడిగితే, ఆ కర్మాగారం మాది కాదు, మేము కేవలం కొనుగోలుదారులమంటుంది. ప్రభుత్వాన్ని అడిగితే, కఠినంగా ఉంటే వ్యాపారం పొరుగు దేశానికి పోతుందంటుంది. చివరికి దుకాణంలో నిలబడిన కొనుగోలుదారుని అడిగితే, నాకేం తెలుసు, చవకగా ఉంది కొన్నానంటాడు.

ప్రతి ఒక్కరి మాటలోనూ కొంత నిజం ఉంది. అందరి మాటలూ కలిపితే మాత్రం 1,134 మంది ప్రాణాలకు ఎవరూ బాధ్యులు కారన్న లెక్క తేలుతుంది. ఇలాంటి లెక్కను ఏ మనస్సాక్షి అయినా అంగీకరించగలదా?

ఈ ప్రశ్నకు ప్రధానంగా మూడు సమాధానాలు వినిపిస్తున్నాయి.

మొదటి సమాధానం: ఎవరి సొమ్ము వారిది. ఇద్దరూ ఇష్టపడి బేరం కుదుర్చుకున్నారు. కార్మికురాలు తన ఇష్టంతో పనికి వచ్చింది, కంపెనీ తన సొమ్ము పెట్టి కొన్నది. మధ్యలో నీతి ప్రసంగాలు దేనికి? ఇది చాలా ఆధునికమైన వాదనలా కనిపిస్తుంది. నిజానికి ఎంతో పురాతనమైనది. దివ్య ఖుర్ఆన్ హూద్ సూరాలో షుఐబ్ ప్రవక్త (అలై) వృత్తాంతం ఉంది. ఆయన మద్‌యన్ జాతివారు వర్తకులు. తూనికలు, కొలతల్లో మోసం చేసేవారు. వారిని ఆయన వారించినప్పుడు వారిచ్చిన జవాబు సారాంశమేమిటంటే, మా సొమ్మును మా ఇష్టం వచ్చినట్లు వాడుకోకూడదని నీ నమాజు నీకు చెబుతోందా అని! నమాజు వేరు, వ్యాపారం వేరు అన్నది వారి సిద్ధాంతం. ఆ జాతికి పట్టిన గతి ఏమిటో మనకు తెలుసు. ఇక ఇష్టపూర్వకమైన బేరం అన్న మాట. పగిలిన గోడల మధ్యకు వెళ్ళకపోతే నెల జీతం పోతుందని, ఇంట్లో పిల్లలు పస్తులుంటారని భయపడి లోపలికి నడిచిన స్త్రీది ఇష్టమా, నిస్సహాయతా?

రెండవ సమాధానం ఆస్ట్రేలియాకు చెందిన తత్వవేత్త పీటర్ సింగర్ 1972లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఉంది. ఆ వ్యాసానికి ప్రేరణ కూడా బెంగాల్ నేలే. 1971లో తూర్పు బెంగాల్ ప్రజలు లక్షలాదిగా నిరాశ్రయులై ఆకలితో చనిపోతుండగా సంపన్న దేశాలు చూస్తూ ఊరుకున్నాయని ఆయన ఆవేదన. దారిలో వెళుతుంటే నీటిగుంటలో ఒక పసివాడు మునిగిపోతూ కనిపించాడనుకోండి. బట్టలు తడుస్తాయని ఎవరైనా వెనకాడతారా? మరి ఆ పసివాడు పది గజాల దూరంలో ఉన్నా, పదివేల మైళ్ళ దూరంలో ఉన్నా, కాపాడే శక్తి మనకున్నప్పుడు బాధ్యతలో తేడా ఏమిటి అని ఆయన ప్రశ్న. ఇది మనసును కుదిపే ప్రశ్నే. అయితే ఇందులో ఒక లోటు ఉంది. ఈ ఉపమానంలో మనం కేవలం దారిన పోయే దాతలం. పసివాడు నీటిలో పడడంతో మనకు ఏ సంబంధమూ లేదు. సావర్ విషయం అలాంటిది కాదు. అక్కడ కుట్టిన బట్ట తొడుక్కున్నవారు దారిన పోయేవారు కారు, ఆ పనివల్ల లాభపడినవారు.

మూడవ సమాధానం అమెరికా తత్వవేత్త ఐరిస్ మేరియన్ యంగ్ ఇచ్చింది. ఆమె ముఖ్యంగా కుట్టు కర్మాగారాలనే ఉదాహరణగా తీసుకున్నది. ఆమె దోషానికి, బాధ్యతకు మధ్య తేడా చూపింది. దోషి ఎవరంటే నేరం చేసినవాడు. అతణ్ణి న్యాయస్థానం శిక్షించాలి. కాని అన్యాయాన్ని పుట్టించే వ్యవస్థలో పాలుపంచుకుంటున్న ప్రతి ఒక్కరికీ, వారు దోషులు కాకపోయినా, దాన్ని సరిదిద్దే బాధ్యత ఉంటుంది. ఆ బాధ్యత అందరికీ సమానం కాదు. ఎవరి చేతిలో ఎక్కువ అధికారం ఉందో, ఎవరికి ఎక్కువ లాభం అందుతోందో వారిపై ఎక్కువ భారం ఉంటుంది. అంతేకాదు, ఈ బాధ్యతను ఏ ఒక్కరూ ఒంటరిగా నెరవేర్చలేరు, నలుగురితో కలిసి నెరవేర్చాలి.

ఈ మూడవ మాట మన విశ్వాసానికి ఎంతో దగ్గరగా ఉంది. మనలో ప్రతి ఒక్కరూ కాపరి అని, తన పోషణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) బోధించారు. కాపరితనం చేతనున్న అధికారాన్ని బట్టి పెరుగుతుంది. యూఫ్రటీస్ నది ఒడ్డున ఒక గొర్రెపిల్ల నష్టపోయినా దాని గురించి అల్లాహ్ తనను నిలదీస్తాడేమోనని మదీనాలో కూర్చున్న ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) భయపడేవారని చెబుతారు. ఆయన ఆ గొర్రెపిల్లకు హాని చేయలేదు. అయినా భయపడ్డారు. ఎందుకంటే సరిదిద్దే శక్తి ఆయన చేతిలో ఉంది.

జబీద్ వర్తకుని మొర

నాలుగు గోత్రాల మధ్య బంధువెవరూ లేని పరదేశి హక్కు ఏమిటి అన్న ప్రశ్నకు మక్కా చరిత్రలో ఒక అద్భుతమైన జవాబు ఉంది. ఇది దైవప్రవక్త ముహమ్మద్ (స) వారికి ప్రవక్త పదవి లభించడానికి ఎన్నో ఏళ్ళ ముందటి సంగతి.

యమన్ దేశంలోని జబీద్ పట్టణం నుంచి ఒక వర్తకుడు సరుకుతో మక్కా వచ్చాడు. ఖురైష్ పెద్దల్లో ఒకడైన ఆస్ బిన్ వాయిల్ ఆ సరుకు కొన్నాడు గాని పైకం ఇవ్వలేదు. వర్తకుడు కొన్ని తెగల పెద్దల వద్దకు వెళ్ళి మొరపెట్టుకున్నాడు. వారు ఆస్ పక్షానే నిలిచి ఇతణ్ణి గద్దించి పంపారు. ఆనాటి అరేబియాలో తెగే మనిషికి రక్షణ. తెగ లేనివాడికి న్యాయమూ లేదు. చివరికి అతను అబూ ఖుబైస్ కొండెక్కి, కాబా చుట్టూ కూర్చున్న ఖురైషీయులందరికీ వినిపించేలా తన గోడు వెళ్ళబోసుకున్నాడు.

ఆ మొర కొందరి గుండెలను తాకింది. దైవప్రవక్త (స) వారి పినతండ్రి జుబైర్ బిన్ అబ్దుల్ ముత్తలిబ్ చొరవతో కొన్ని తెగలవారు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట్లో సమావేశమయ్యారు. మక్కాలో అన్యాయానికి గురైనవాడు స్థానికుడైనా, పరదేశి అయినా అతని హక్కు అతనికి దక్కేదాకా అందరం ఒక్కటై నిలబడతామని ప్రమాణం చేశారు. తర్వాత ఆస్ ఇంటికి వెళ్ళి ఆ వర్తకుని సొమ్ము ఇప్పించారు. ఇదే హిల్ఫుల్ ఫుజూల్ ఒప్పందం.

అప్పటికి యువకులుగా ఉన్న దైవప్రవక్త (స) ఆ సమావేశంలో స్వయంగా పాల్గొన్నారు. ప్రవక్త పదవి పొందిన తర్వాత కూడా ఆయన దాన్ని మెచ్చుకున్నారు. విలువైన ఎర్ర ఒంటెలు ఇస్తామన్నా దానికి బదులుగా తీసుకోనని, ఇస్లాం కాలంలో ఎవరైనా అలాంటి ఒప్పందానికి పిలిచినా తాను తప్పక స్పందిస్తానని తెలియజేశారు.

ఈ సంఘటన నుంచి మూడు పాఠాలు నేర్చుకోవాలి. ఒకటి, బాధితుడు పరదేశి. అతని హక్కుకు ఆధారం రక్తసంబంధమూ కాదు, పౌరసత్వమూ కాదు. అతను అన్యాయానికి గురికావడమే ఆధారం. రెండు, ప్రమాణం చేసినవారు తమ తెగకే చెందిన బలవంతుణ్ణి నిలదీశారు. ఇతరుల అన్యాయాన్ని ఖండించడం తేలిక, మనవాడి అన్యాయాన్ని ఖండించడమే పరీక్ష. మూడు, ఆ ఇంట్లో కూర్చున్నవారి విశ్వాసాలు వేరు. అయినా న్యాయం కోసం వారితో కలిసి కూర్చోవడాన్ని దైవప్రవక్త (స) గర్వంగా గుర్తుచేసుకున్నారు.

సరుకు తీసుకొని పైకం ఇవ్వని ఆస్ బిన్ వాయిల్‌లు నేడు లేరనుకుంటున్నారా? 2020 మార్చిలో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు అనేక విదేశీ కంపెనీలు బంగ్లాదేశ్ కర్మాగారాలకు ఇచ్చిన వందల కోట్ల డాలర్ల ఆర్డర్లను రద్దు చేశాయి లేదా నిలిపివేశాయి. కొన్ని కంపెనీలు అప్పటికే కుట్టి సిద్ధం చేసిన సరుకుకు సైతం డబ్బు చెల్లించలేదు. అప్పుడు వివిధ దేశాల కార్మిక సంఘాలు, వినియోగదారులు గొంతెత్తారు. దాంతో చాలా కంపెనీలు దిగివచ్చి చెల్లింపులకు అంగీకరించాయి. జబీద్ వర్తకుని మొర వినడానికి అబూ ఖుబైస్ కొండ ఉండేది. నేడు ఆ కొండ పనిని ప్రపంచవ్యాప్తమైన సమాచార సాధనాలు చేస్తున్నాయి. ప్రపంచీకరణ దోపిడీకి దారి వేసినట్లే సంఘీభావానికీ దారి వేస్తోంది.

రాణా ప్లాజా తర్వాత కూడా ఇదే జరిగింది. 2013 మే నెలలో భవనాల, అగ్నిమాపక భద్రతపై ఒక ఒప్పందం కుదిరింది. పాత ధ్రువపత్రాల్లా ఇది వట్టి కాగితం కాదు. కార్మిక సంఘాలకు, కంపెనీలకు మధ్య చట్టబద్ధంగా కట్టుబడవలసిన ఒప్పందం. రెండు వందలకు పైగా కంపెనీలు సంతకం చేశాయి. వందలాది కర్మాగారాలను తనిఖీ చేసి లోపాలు సరిచేయించారు. తర్వాతి కాలంలో అలాంటి ఏర్పాటు పాకిస్తాన్‌కు కూడా విస్తరించింది. బాధిత కుటుంబాల నష్టపరిహారానికి అవసరమైన 3 కోట్ల డాలర్లు పూర్తిగా సమకూరడానికి మాత్రం 2015 జూన్ వరకు, అంటే రెండేళ్ళకు పైగా పట్టింది. బంగ్లాదేశ్‌లో కనీస వేతనం 2013 చివర్లో 5,300 టాకాలకు, 2023 చివర్లో 12,500 టాకాలకు పెరిగింది. ఇది చాలదని కార్మికులు అంటున్నారు. అయినా నలుగురు కలిసి నిలబడితే మార్పు వస్తుందన్నది రుజువైంది.

కొన్ని సందేహాలు

ముందు మనవాళ్ళను చూసుకోవాలి కదా, లోకమంతా మనకెందుకు అని కొందరు అడుగుతారు. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. దగ్గరివారికి ప్రాధాన్యత ఉంది. ఇద్దరు పొరుగువారిలో కానుక ఎవరికి పంపాలని హజ్రత్ ఆయిషా (రజి) అడిగినప్పుడు, ఎవరి వాకిలి దగ్గరగా ఉంటే వారికని దైవప్రవక్త (స) చెప్పారు. అయితే దగ్గరివాడు ముందు అంటే దూరపువాడు అసలే లేడని అర్థం కాదు. నిసా సూరా 36వ ఆయతులో తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదల తర్వాత బంధువైన పొరుగువాడిని, పరాయివాడైన పొరుగువాడిని, బాటసారిని కూడా అల్లాహ్ ప్రస్తావించాడు. ఇది వరుసక్రమమేగాని గోడ కాదు. పైగా దానం వేరు, హక్కు వేరు. దానం చేయడంలో దగ్గరివారికి ముందు ఇవ్వవచ్చు. కాని దూరపువాడి కూలి ఎగ్గొట్టి దగ్గరివాడికి దానం చేయడం ఏ ధర్మంలోనూ పుణ్యం కాదు.

మన సానుభూతి ముస్లిముల వరకే ఉంటే చాలదా అన్నది మరో సందేహం. సమస్త మానవులూ ఒకే పురుషుని, ఒకే స్త్రీ నుంచి పుట్టారని, జాతులుగా తెగలుగా చేసింది ఒకరినొకరు తెలుసుకోవడానికేనని హుజురాత్ సూరా 13వ ఆయతు బోధిస్తోంది. అక్కడ సంబోధన విశ్వాసులకు మాత్రమే కాదు, మానవులందరికీ. ఏదైనా జాతి పట్ల ఉన్న ద్వేషం సైతం మనల్ని న్యాయం నుంచి తప్పించకూడదని మాయిదా సూరా 8వ ఆయతు హెచ్చరిస్తోంది. శత్రువుకే న్యాయం చేయమన్నప్పుడు, మన చొక్కా కుట్టిన అపరిచితురాలి సంగతి చెప్పాలా?

మరి అలాంటి బట్టలు కొనడం మానివేస్తే సరిపోతుందా? ఇది పైకి ధార్మికంగా కనిపించే తేలిక మార్గం. ఆ కుట్టుపనే లక్షలాది పేద స్త్రీల చేతికి మొదటిసారిగా సంపాదన ఇచ్చింది. అందరూ ఒక్కసారిగా కొనడం మానివేస్తే ముందుగా రోడ్డున పడేది కర్మాగార యజమాని కాదు, ఆమె. రాణా ప్లాజా తర్వాత అక్కడి కార్మిక సంఘాలు సాధారణంగా కోరింది కూడా ఉద్యోగాలు తీసివేయమని కాదు, భద్రత కల్పించమని. కనుక పారిపోవడం పరిష్కారం కాదు, సరిదిద్దడం పరిష్కారం.

అద్దంలో మన ముఖం

తెలుగు ముస్లిం కుటుంబాలకు ఈ విషయం ఇంకో విధంగా కూడా అర్థమవుతుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, హైదరాబాద్ పాతబస్తీ ఇలా ఎన్నో ప్రాంతాల నుంచి హిందువులు, ముస్లిములు అనే తేడా లేకుండా మన బిడ్డలు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళారు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం, చెప్పిన జీతం ఒకటి ఇచ్చేది ఒకటి కావడం, ఎండలో పని, యజమాని అనుమతి లేనిదే ఉద్యోగం మారలేకపోవడం, ఇవన్నీ మనవాళ్ళు అనుభవించిన కష్టాలే. ఆ దేశాల్లో మన బిడ్డ ఎవరు? తెగ లేని పరదేశి. జబీద్ వర్తకుడు! అక్కడి ప్రజలు మన బిడ్డ పక్షాన ఒక్క మాట మాట్లాడితే బాగుండునని మనం కోరుకుంటాం. ఖతర్ దేశం 2020లో చట్టం మార్చి, పాత యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించినప్పుడు మనం సంతోషించాం. ఆ మార్పు వెనుక ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన ఒత్తిడి ఉంది. మన ముఖం కూడా ఎరుగనివారు మన బిడ్డల కోసం గొంతెత్తారు.

తన కోసం కోరుకునేదే తన సోదరుని కోసం కోరుకోనంతవరకు విశ్వాసం పరిపూర్ణం కాదన్న ప్రవక్త బోధనను ఇక్కడ వర్తింపజేసి చూడండి. దుబాయిలో మన బిడ్డకు కోరుకున్నదే సావర్‌లోని ఆ తల్లి బిడ్డకూ కోరుకోవాలి కదా!

మనం చేయగలిగినది

ఒక సాధారణ కుటుంబం ప్రపంచ వాణిజ్య సంస్థను మార్చలేదు. అల్లాహ్ ఎవరిపైనా శక్తికి మించిన భారం మోపడు. అయితే శక్తి ఉన్నంతమేరకు ప్రశ్న ఉంటుంది.

ముందుగా మన గడప దగ్గరే మొదలుపెడదాం. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ఆదేశం ఇంట్లో పనిమనిషికి, పండుగ బట్టలు కుట్టే దర్జీకి, మన దుకాణంలో పనిచేసే కుర్రాడికి కూడా వర్తిస్తుంది. పండుగకు ముందురోజు దర్జీని అర్ధరాత్రిదాకా కూర్చోబెట్టి, పైకం మాత్రం పండుగ తర్వాత చూద్దామనేవాడు విదేశీ కంపెనీలను తిట్టే అర్హత పోగొట్టుకుంటాడు.

రెండవది, దుబారా మానాలి. రంజాన్ పండుగకు, పెళ్ళిళ్ళకు అవసరానికి మించి కొని, రెండుసార్లు తొడిగి మూలన పడేసే అలవాటే చవక సరుకు కోసం పరుగును పెంచుతోంది. తక్కువ కొనండి, మన్నికైనవి కొనండి.

మూడవది, వ్యాపారంలో ఉన్నవారి బాధ్యత ఎక్కువ. సరుకు ఎక్కడి నుంచి వస్తుందో అడిగి తెలుసుకోగలిగేది వారే. పనివాని చేత పూర్తిగా పనిచేయించుకొని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రత్యర్థిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు దైవప్రవక్త (స) తెలిపారు. ఆ న్యాయస్థానంలో ఆ కర్మాగారం మాది కాదు అన్న సాకు చెల్లుతుందా? ప్రతి వ్యాపారీ తనను తాను ప్రశ్నించుకోవాలి.

నాలుగవది, ఒంటరిగా కాక నలుగురితో కలిసి పనిచేయాలి. కార్మికుల హక్కుల కోసం, వలస కూలీల కోసం పనిచేసేవారు ఏ మతస్థులైనా వారితో కలిసి కూర్చోవడం హిల్ఫుల్ ఫుజూల్ సంప్రదాయమే.

ఐదవది, పిల్లలకు ఈ లోకాన్ని పరిచయం చేయాలి. వారు తొడుక్కున్న చొక్కా చీటీ మీద ఉన్న దేశం పేరు చదివించండి. ఆ దేశాన్ని పటంలో చూపించండి. అక్కడ ఒక అమ్మ దీన్ని కుట్టిందని చెప్పండి. అంతర్జాతీయ అధ్యయనానికి అదే మొదటి పాఠం. ఒకరినొకరు తెలుసుకోవడానికే జాతులుగా చేశానన్న సృష్టికర్త మాటకు అర్థం కూడా అక్కడి నుంచే తెలిసివస్తుంది.

రేపు లెక్క చూసే దినాన మనుషులకు పాస్‌పోర్టులు ఉండవు, దేశాల జెండాలూ ఉండవు. మనం చూడని ముఖాలు అక్కడ మన ఎదుట నిలబడవచ్చు. ఆ రోజు వారు మనపై ఫిర్యాదుదారులుగా కాక మన పక్షాన సాక్షులుగా నిలబడేలా జీవించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.